నాలుగు ఆకులు తక్కువ

సిరొంచల టైర్ల దుకాణం మీది గది మాది.
కింద తొట్టిల ముంచిన ట్యూబు బుడగలొదిలితే
పైన ఆలం జంగు హెడ్‌ఫోన్ తీసి
"మళ్ల పడ్డది మన సినిమాల" అంటడు.
మాటలన్నీ రాత్రి తొమ్మిది దాటినంకనే రికార్డు చేసినం,
దుకాణం షట్టరు దిగినంక.

జంగుది చెవి.
వాసేకర్ నిఖిల్‌ది కెమెరా, కత్తెర.
నాలుగు పాత దుప్పట్లు కలిపి తెర కుట్టి
అంచుకు తునికి కొమ్మలు గీసింది దుర్గం లస్మక్క.
నేను కింద అక్షరాలు రాసేటోణ్ణి.

ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ.
తెలుగు మాటను నాగరిల రాసుకునే చెయ్యి నాది.
మా అక్షరాలు నాకు పంతులు చెప్పలే,
ప్రాణహిత అవతలి ఒడ్డు మీద బస్సులు చెప్పినయి.
అందుకే ఇప్పటికీ 'కా' అంటే కాళేశ్వరం,
'మం' అంటే మంథని.
మిగతా అక్షరాలు ఏ బస్సెక్కాల్నో తెల్వక
సంచి పట్టుకొని నిలబడే ఉంటయి.

ఎండకాలం ఆత్రం పోసక్క వాకిట్ల పట్టినం ఆ షాటు.
కాళ్లు చాపుకొని కూసున్నది.
కట్టకు డెబ్బై ఆకులు.
ఏడు దాకా గోండిల లెక్కపెట్టింది,
ఎనిమిది నుంచి తెలుగుల,
యాభై దాటినంక మరాఠీల.
ఎందుకట్ల అని అడిగితే
"రాసుకునేటి మున్షీ మరాఠాయన గద,
కట్ట ఆయన దిక్కు పోతాంది గద" అన్నది,
మేం గంత తెలివి తక్కువోళ్లమా అన్నట్టు చూసి.

దీనికి కింద ఏం రాయాలె?
మూడు రాత్రులు కొట్లాడినం.
నాలుగోనాడు లస్మక్క కుంచె కడుక్కుంట
"ఆమె వేళ్లు కనబడ్తలేవా మీకు" అన్నది.
నేను రాసినవన్నీ కొట్టేసిన.

పైసలిచ్చినోళ్ల కాగితంల పన్నెండు నిమిషాలని ఉన్నది.
నిఖిల్ ఒక రాత్రి మాకెవలకు చెప్పక
అరవై అయిదు మీదికెళ్లి డెబ్బైకి దుంకిండు.
ఆరు సెకండ్లు.
తెల్లారి చాయ తాక్కుంట చూసినం,
అతుకు మాకెవలకు దొరకలే.
జంగు చెవికి సుత.

వానలు వెనుకపట్టినంక అంకీస అంగడి షెడ్డుల తెర కట్టినం.
ఉల్లిగడ్డ పొట్టు మీదనే కూసున్నరు జనం.
పోసక్క ముందు వరుస,
మనుమరాలు ఒళ్లె నిద్రపోతాంది.
తెర మీద ఆమె లెక్క, కింద ఆమె పెదవులు,
రెండూ ఒక్కతీరుగ పోతున్నయి.
పాసష్ట్.
సత్తర్.

"ఆపుండ్రి."

పిల్లను పక్కామెకు ఇచ్చి లేసింది.
"నా నాలుగు ఆకులేవి?"

ఎనుక ఎవరో నవ్విన్రు. ఆమె నవ్వలే.
"తక్కువ కట్ట కట్టినదాన్ని కల్లంల ఏమంటరో ఎరుకనా?
ఇరవై ఏండ్ల సంది ఒక్క కట్ట ఎనుకకు రాలే నాది.
ఇంతమంది ముంగట దొంగను చేస్తిరి గదనె."

వెలుతురు గురించి గంటలు గంటలు మాట్లాడేటి నిఖిల్
ప్రొజెక్టర్ పంకా దిక్కు చూసుకుంట నిలబడ్డడు.
ఆగిన బొమ్మల ఆమె మోకాలు మీద
ఒక పురుగు అటు ఇటు పాకుతాంది.

ఆ రాత్రే నాలుగు ఆకులు ఎనుకకు పెట్టినం.
వచ్చే అంగడి నాడు ఆమె వచ్చింది,
మెట్ల కింద చెప్పులిడిచి.
కంప్యూటరుకు వేలు ఆనించి ఒక్కొక్కటే లెక్కపెట్టింది.
అరవై తొమ్మిది కాడ ఆగి
"ఇది చిల్లి ఆకు" అన్నది, "అయినా లెక్కల్నే."
వేలిముద్ర తెర మీద ఉండిపోయింది.
నిఖిల్ తుడుస్తడేమో అనుకున్న.
తుడువలే.

ఆరు సెకండ్లు ఇంకెక్కడన్న కొయ్యాలె గద.
చివరికి పోయే మా పేర్లల్లకెళ్లి కోసినం.
లస్మక్కనే చూపించింది ఎక్కడ కొయ్యాల్నో.
ఇప్పుడవి సర్రున పోతయి.
నా పేరు మొదటిసారి తెలుగుల రాసుకున్న,
రెండో అక్షరం కూడబలుక్కునే లోపల
తెర మళ్ల దుప్పటైతది.